సెమీ క్రిస్మస్‌కి రాని సిస్టరమ్మ

ఈసారి మా సందు మలుపులో ఆ మేడ మీద నక్షత్రం కట్టలేదు.

నాచారంలో డిసెంబరు వస్తోందని ఎవరూ చెప్పక్కర్లేదు. నవంబరు ఆఖరుకే మావాళ్ళ మేడల మీద కర్రలు లేస్తాయి, వాటి చివర కాగితపు నక్షత్రాలు వేలాడతాయి, పొద్దుగూకగానే ఎర్రగా, పచ్చగా వెలుగుతాయి. ఆ మలుపింటి మేడ మీదా ఏటా ఒకటి ఉండేది. కాకపోతే అది వెలిగేది కాదు. సందంతా జాతరలా మెరుస్తుంటే అదొక్కటే ముఖం మాడ్చుకుని గాలికి అటూ ఇటూ తిరిగేది. క్రిస్మస్ ముందురోజు సాయంత్రం వెలిగేది. పండగైపోయి అందరూ తమ నక్షత్రాలు దించి అటకెక్కించేశాక, జనవరి మొదటివారంలో ఈ ఒక్కటే ఇంకా వెలుగుతూ కనిపించేది. కొత్తగా అద్దెకు దిగినవాళ్ళు ఆ ఇంట్లో క్యాలెండరు లేదేమో అనుకునేవాళ్ళు.

ఇప్పుడా పై గదిలో ఎవరో ఉద్యోగాలు చేసుకునే కుర్రాళ్ళున్నారు. మేడ మీద ఆరేసిన బట్టలు తప్ప ఏమీ లేవు. వెలగని నక్షత్రం లేకపోయినా వెలితిగానే ఉంటుందని నాకు ఈ ఏడే తెలిసింది.

ఆ గదిలో ఉన్నావిడ సర్కారు ప్రసూతి దవాఖానాలో నర్సుగా చేసి రిటైరైన మనిషి. పేరు లేక కాదు, ఎవరికీ అవసరం పడలేదు. ఉద్యోగంలో ఉన్నంతకాలం అందరూ సిస్టర్ అన్నారు. చర్చిలోకొస్తే అక్కడ ఆడవాళ్ళమందరం సిస్టర్లమే గనక, తేడా తెలియడానికి మేం ఓ 'అమ్మ' తగిలించి సిస్టరమ్మను చేశాం. పెళ్ళెందుకు చేసుకోలేదని ఎవరైనా అడిగితే, "డ్యూటీల పడి యాది మరిచిన," అనేది. ఇంకో ప్రశ్న అడగడానికి చోటుండేది కాదు.

వందనాలు చెప్పి చెయ్యి చాపితే అరచెయ్యి పట్టుకునేది కాదు, మణికట్టు పట్టుకునేది. ఉద్యోగం పోయినా అలవాటు పోలేదని మొదట్లో నవ్వుకునేదాన్ని. ఒక ఆదివారం ఆరాధనయ్యాక ఉప్పల్‌లో మా చర్చి మెట్ల మీద నా మణికట్టు పట్టుకుని వదల్లేదు. "రాత్రి పండుకుంటలేవా? ఏం ఫికర్ వెట్టుకున్నవ్ బిడ్డా?" అంది. మా అమ్మ పోయి నెలయింది అప్పటికి. ఇంట్లో, స్కూల్లో అందరికీ నేను మామూలుగానే ఉన్నట్టు కనిపిస్తున్న రోజులు. ఏమీ లేదండీ అన్నాను. "సరే, లేదు తీ," అని ఇంకాసేపు అలాగే పట్టుకుని అప్పుడు వదిలింది. ఓదార్పు మాట ఒక్కటీ చెప్పలేదు. ఆ నెలలో నాకు ఓదార్పనిపించింది అదొక్కటే.

సెమీ క్రిస్మస్ పేరెత్తితే మాత్రం ఆవిడకి ఒళ్ళు మండేది. అదేమిటో తెలియనివాళ్ళ కోసం చెబుతాను. అసలు పండగకి ఎవరి ఊళ్ళకి వాళ్ళు పోతారు గనక, ముందే ఓ శనివారం చూసుకుని కేకు కోసి, పిల్లల చేత డాన్సులు చేయించి, బిర్యానీ పెట్టి కానిచ్చేసే పండగ. ఉప్పల్‌లో ఒకరోజు, రామంతాపూర్‌లో ఒకరోజు, చిల్కానగర్‌లో ఇంకోరోజు. నలుగురితో కాస్త పరిచయాలున్నవాళ్ళకి డిసెంబరులో వంటింటితో పెద్దగా పనుండదు. నాకైతే ఇష్టమే, దాచుకోవడమెందుకు.

"సెమీ అంటె సగమే గదా," అనేది సిస్టరమ్మ. "ప్రభువు సగం పుట్టిండా? సగం పుట్టి ఆగుడంటె ఎంత భయమో మీకేం తెలుసు. నేను జూసిన."

ఆ మాటకి మా నోట్లో కేకు మింగుడుపడేది కాదు.

క్రిస్మస్‌కి ముందొచ్చే నాలుగు ఆదివారాల ఆగమన కాలమంటే ఆవిడ దృష్టిలో పండగ కాదు, తొమ్మిదో నెల. ఆ ఆదివారాలన్నిటికీ ఒకే ఊదారంగు చీర కట్టుకొచ్చేది. క్రిస్మస్ పాట ఎవరైనా ముందుగా అందుకుంటే పుస్తకం మూసి ఒళ్ళో పెట్టుకునేది. "ఇది కనిపెట్టుకొని ఉండే టైము బిడ్డా. ఏడినీళ్ళున్నయా, గుడ్డలున్నయా, కరెంటు పోతె దీపమున్నదా, గది సూసుకోవాలె. నొప్పులన్న రాకముందే మిఠాయి పంచుకుంటరా ఎవరన్న?" అనేది. వాదనకి నిలబడే మాటే. కానీ మైకు పెట్టి, షామియానా వేసి, వంటవాళ్ళకి చెప్పేశాక ఎవరు వింటారు?

సెమీ క్రిస్మస్‌కి రాదు గనక తలా ఒకరం ఆవిడకో కేకు ముక్క తీసుకెళ్ళేవాళ్ళం. తినదు, పారెయ్యదు. టిష్యూలో చుట్టి స్టీలు డబ్బాలో పెట్టి, కింద ఇంటి ఓనరమ్మ ఫ్రిజ్‌లో దాచేది. క్రిస్మస్ పొద్దున ఆరాధనయి ఇంటికొచ్చాక ఆ డబ్బా మూత తీసి, టీలో ముంచుకుని తినేది. ఒక ఏడు నన్నూ కూర్చోబెట్టింది. ఆ గదిలో ఉన్నది ఒకటే ప్లాస్టిక్ కుర్చీ. అది నాకిచ్చి తను మంచం అంచున కూర్చుంది. కేకు ఇటుక ముక్కలా ఉంది. "మంచిగున్నదా?" అంది. నా పళ్ళు నేను జాగ్రత్తగా కాపాడుకుంటూ తలూపాను. "టైముకు తింటె ఏదైనా మంచిగనే ఉంటది," అంది, ఎంతో సంతోషంగా. పండగపూట ఆ గదికి నాకంటే ముందు ఎవరైనా వచ్చారో లేదో నేను అడగలేదు. ఒకటే కప్పు ఉంటే, తను గ్లాసుతో తాగింది.

శుక్రవారం స్త్రీల కూడికలో, చివర ప్రార్థన మనవులు చెప్పుకోవడం మా అలవాటు. ఒకరు కూతురి సంబంధం అంటారు, ఒకరు మోకాళ్ళ నొప్పులంటారు, ఒకరు కొడుకు ఇంటర్వ్యూ అంటారు. సిస్టరమ్మ వంతు వచ్చేసరికి అందరం తలలు దించుకునేవాళ్ళం, భక్తితో కాదు. ఆవిడ మనవి ఏనాడూ మారలేదు.

"నేను పొయ్యేటప్పుడు పక్కన ఒక మనిషి ఉండాలె. గంతే."

పాస్టరమ్మగారిది మెత్తని మనసు. ఆ మాటని ఉన్నదున్నట్టు దేవుడి ముందు పెట్టడానికి నోరు రాక, "మా సిస్టరమ్మకు దీర్ఘాయుష్షు దయచేయండి తండ్రీ," అని ప్రార్థించేది. మేమందరం గట్టిగా ఆమేన్ అనేవాళ్ళం. అయ్యాక సిస్టరమ్మ గుమ్మం దగ్గర చెప్పులేసుకుంటూ, "నేనడిగింది గది గాదమ్మా," అనేది. వచ్చే శుక్రవారం మళ్ళీ అదే మనవి, మళ్ళీ అదే దీర్ఘాయుష్షు.

ఒకసారి షేర్ ఆటోలో నాచారం వస్తూ అడిగేశాను. "ఎందుకు సిస్టరమ్మా అలా అడుగుతారు? వినేవాళ్ళకి ఎలా ఉంటుంది చెప్పండి?"

"ఎట్లుంటది? నాకు గావల్సింది నేనడుగుత." ఆటో రాడ్ పట్టుకుని నా వైపు తిరిగింది. "పుట్టేటప్పుడు ప్రతి మనిషికి ఒక చెయ్యి ఉంటది బిడ్డా, పట్టుకోనీకి. నా చేతులల్లనే ఎంతమంది పడ్డరో. పొయ్యేటప్పుడు గూడ ఒకటుండాలె గద? వార్డుల ఒక్కరే పోయినోళ్ళను జూసిన. కండ్లు తలుపు దిక్కే ఉంటయి."

ఆ తర్వాత ఆవిడ గదికి వెళ్ళినప్పుడు చూశాను. మంచం తలుపుకి ఎదురుగా వేసి ఉంది. తలుపు ఓరగా తీసి ఉంది. డిసెంబరు చలిలో కూడా దాన్ని పూర్తిగా మూసేది కాదట. దోమలొస్తాయి కదండీ అంటే, "రానీ, అవన్న వస్తయి," అని నవ్వింది. నాకు నవ్వు రాలేదు.

ఆగమన కాలంలో మా కూడికల్లో లూకా సువార్త మొదటి అధ్యాయం చదవడం ఆనవాయితీ. ఆ అధ్యాయంతో సిస్టరమ్మకి ఏటా ఒక పేచీ. గర్భవతైన మరియమ్మ, ముసలితనంలో కడుపు పండిన తన చుట్టం ఎలీసబెతు ఇంటికి వెళ్ళి, మూడు నెలలు ఉండి తిరిగి వెళ్ళిందని అందులో ఉంటుంది. ఎలీసబెతు ప్రసవం సంగతి ఆ తర్వాతే వస్తుంది.

"అంటె కాన్పుకు ముంగటనే ఎల్లిపోయిందా అయ్యగారూ?" అని పాస్టరుగారిని నిలదీసింది ఒక ఏడాది.

"అలా అని కచ్చితంగా చెప్పలేమమ్మా. ఒకరి సంగతి ముగించి ఇంకొకరి సంగతి మొదలుపెట్టాడు లూకా, అంతే."

"గట్ల చెప్పున్రి. ముసలామె, తొలికాన్పు. ఇంట్ల మొగాయనకు మాటనే పడిపోయె. నెలలు నిండినంక ఇడిసిపెట్టి ఏ ఆడది పోదు."

పాస్టరుగారు పేజీ తిప్పబోయారు. ఆవిడ తిప్పనివ్వలేదు.

"మరి మరియమ్మ కాన్పుకాడ ఎవరున్నరు?"

"యోసేపు ఉన్నాడు కదమ్మా."

"వడ్రంగి పని జేసే మొగాయన. ఆయనకేం తెలుస్తది? బొడ్డెవరు గోసిన్రు? తల్లికి తాగ నీళ్ళెవరిచ్చిన్రు? ఊరు గాని ఊరు, సత్రంల జాగ లేదంటిరి. అయినా ఎవరో ఒకామె వచ్చే ఉంటది అయ్యగారూ. పేరు రాయలేదు, గంతే."

"వాక్యంలో లేనిది మనం కలపకూడదు సిస్టరమ్మా."

"కలుపుతలేను. కాన్పుకాడ ఒక ఆడమనిషి లేకుండ ఉండదంటున్న."

వెనక వరసలో ఎవరో కిసుక్కుమన్నారు. పాస్టరుగారు కూడా నవ్వి, మంచి ఆలోచనే అని ఒప్పుకుని రెండో అధ్యాయంలోకి వెళ్ళిపోయారు. సిస్టరమ్మ మాత్రం ఆ పేజీ దగ్గరే వేలు పెట్టుకుని కూర్చుంది.

ఆవిడ ఇంటి ఓనర్లు నల్గొండ వైపు నుంచి వచ్చినవాళ్ళు. ఆయనకి ఇండస్ట్రియల్ ఏరియాలో ఫ్యాక్టరీ పని. కింద వాళ్ళుండేవారు, పైన సిస్టరమ్మ గది, గది ముందు బట్టలారేసే తీగలు. ఆరేయడానికోసారి, తీయడానికోసారి ఓనరమ్మ పైకి వచ్చేది. వచ్చినప్పుడల్లా ఓరగా తీసిన తలుపులోంచి "అన్నం తిన్నవా సిస్టరమ్మా?" అని ఓ కేక వేసి, జవాబు వచ్చేలోపు దిగిపోయేది. ఇంట్లో ముగ్గురు పిల్లలు, ఆమెకి మాత్రం తీరికెక్కడిది? మా పండగల సంగతి ఆమెకి తెలియదు, తెలుసుకోవాలన్న కుతూహలమూ లేదు.

ఒక ఏడాది చీకటి నక్షత్రాన్ని చూసి ఆమెకి జాలేసింది. పాపం ముసలామెకి బల్బు మార్చడం చేతగాలేదనుకుని, భర్త చేత కొత్త బల్బు పెట్టించి స్విచ్ వేసింది. మేం కూడిక నుంచి వస్తుంటే సందులోంచే కనబడింది. సిస్టరమ్మ మెట్లన్నీ ఆగకుండా ఎక్కి, ఆయాసంతో గోడ పట్టుకుని, తలుపు పక్కనున్న స్విచ్ టప్పుమని ఆర్పేసింది.

"అయ్యో, ఖరాబైందనుకున్న సిస్టరమ్మా," అంది ఓనరమ్మ బిక్కమొహం వేసి.

"ఖరాబ్ గాలే బిడ్డా. ఇంకా రాలే."

"ఎవరు?"

"నేను కనిపెట్టుకున్నాయన. ఒచ్చినంక నేనే ఏస్త. గప్పటిదాంక ఎవరూ ముట్టొద్దు."

ఓనరమ్మ నా వైపు చూసింది. ఆనాటి నుంచి ఆ ఇంట్లో ఎవరూ ఆ స్విచ్ జోలికి పోలేదు. పిల్లలు ఆడుకుంటూ చెయ్యి వేస్తే ఓనరమ్మే కసిరేది. "ముట్టకున్రిరా. సిస్టరమ్మ చుట్టం ఇంకా రాలేదంట."

పోయినేడు మా చర్చి సెమీ క్రిస్మస్ శనివారం పడింది. పొద్దున్నే వెళ్ళి మాటవరసకి పిలిచాను. ఆవిడ మంచం మీదే ఉంది. అంతకు వారం ముందు నుంచి ఆయాసం. దవాఖానాకి పోదామంటే, "నేను జూడని దవాఖానానా?" అని కొట్టిపారేసింది.

"నువ్వు పో. బిర్యానీ సల్లారిపోతది," అంది.

"డబ్బాలోకి కేకు ముక్క తేవాలా?"

"తే. పండుగనాడు తింట."

నా మణికట్టు పట్టుకుని, వదిలి, తలుపు వైపు తిరిగి పడుకుంది.

సాయంత్రం పిల్లల డాన్సు జరుగుతుండగా ఓనరమ్మ ఫోను చేసింది. "టీచరమ్మా, సిస్టరమ్మ పానం పోయింది," అంది. స్పీకర్ల మోతలో ఆ మాట రెండుసార్లు చెప్పించుకున్నాను. పాస్టరుగారికి చెప్పి బయటపడి ఆటో ఎక్కాను. టిష్యూలో చుట్టిన కేకు ముక్క సంచిలోనే ఉంది. ఉప్పల్ నుంచి నాచారం దాకా నా బుర్రలో ఒకటే మాట తిరిగింది. ఆవిడ దేవుణ్ణి అడిగింది ఒక్కటి. మేం ప్రతి శుక్రవారం దాన్ని మార్చి ఇంకేదో అడిగాం. చివరికి మేమందరం ఒకచోట పాటలు పాడుకుంటుంటే ఆవిడ తలుపు వైపు చూస్తూ ఒక్కతే పోయింది. దేవుడి మీద నాకు అంత కోపం ఎప్పుడూ రాలేదు.

పొద్దుగూకుతుండగా సందు మలుపు తిరిగాను. మేడ మీద నక్షత్రం వెలుగుతోంది.

అది చూసేసరికి ఆ కోపం కాస్తా ఇటు తిరిగింది. మనిషి పోయి ఎంతోసేపు కాలేదు, ఆవిడ అంతగా కాచుకున్న ఒక్క నియమం అప్పుడే చెడగొట్టారా అనుకున్నాను. గబగబా మెట్లెక్కి, గదిలోకి కూడా చూడకుండా నేరుగా స్విచ్ మీద చెయ్యి వేశాను.

"ఆర్పకున్రి టీచరమ్మా," అంది ఓనరమ్మ లోపల్నుంచి.

"ఎందుకేశారండీ? పండగ ముందురోజు దాకా వెయ్యకూడదని మీకు తెలుసు కదా!"

"నాకు తెల్వదా? నా పిల్లలనే ముట్టనియ్యకపోతి. ఆమెనే ఎయ్యిమన్నది."

ఓనరమ్మ మంచం పక్కన ఆ ప్లాస్టిక్ కుర్చీలో కూర్చుని ఉంది. భుజం మీద సగం మడిచిన దుప్పటి అలాగే ఉంది. సిస్టరమ్మ ముఖం ప్రశాంతంగా ఉందని అనను, అలసిపోయి డ్యూటీ దిగిన మనిషిలా ఉంది.

"బట్టలు తీద్దామని పైకొచ్చిన," అంది ఓనరమ్మ. "దుప్పటి మడత వెడుతుంటె తలుపు సందులకెల్లి నన్నే జూస్తున్నది. ఏమన్న గావాల్నా సిస్టరమ్మా అనుకుంట లోపటికొచ్చిన. 'ఒచ్చినవా?' అన్నది. ఒచ్చిన అన్న. చెయ్యియ్యిమన్నది. ఇగో, ఇక్కడ పట్టుకున్నది." తన మణికట్టు చూపించింది. "ఇగ స్టార్ లైటెయ్యి అన్నది. ఇంకా టైము గాలే గద సిస్టరమ్మా అన్న. 'ఎయ్యి బిడ్డా, మనిషి ఒచ్చింది గద,' అన్నది. ఉరికిపోయి ఏసొచ్చి మల్ల పట్టుకున్న. జరసేపే. నాకు మస్తు భయమైంది టీచరమ్మా. గానీ చెయ్యి ఇడిసిపెట్టలే."

నేను స్విచ్ మీంచి చెయ్యి తీసేశాను. గడప మీదే కూలబడి ఏడ్చాను. ఆమె వచ్చి నా పక్కన కూర్చుంది.

"ఆమె చుట్టం ఎవరో ఒస్తడంటుండె గద," అంది మెల్లగా. "ఆయన రానే రాలే పాపం. నేనే ఉన్న."

వచ్చాడులెండి అని చెబుదామనుకున్నాను. పేరు పెట్టి పిలుద్దామంటే, ఇన్నేళ్ళుగా ఓనరమ్మా అనడమే గాని ఆమె పేరేమిటో కూడా నాకు తెలియదు. కిందికెళ్ళి, సంచిలోని కేకు ముక్కను ఆమె ఫ్రిజ్‌లో, సిస్టరమ్మ డబ్బాలోనే పెట్టి వచ్చాను.

నక్షత్రాన్ని ఎవరం ఆర్పలేదు. సమాధి కార్యక్రమం అయ్యాకా వెలిగింది, పండగ దాకా పగలూ రాత్రీ వెలిగింది.

క్రిస్మస్ ఉదయం ఆరాధనలో వాక్యం చదివే వంతు నాది. లూకా రెండో అధ్యాయం. ఏటా వినేదే, సగం నోటికొచ్చినదే. ఊరు గాని ఊరు, చోటు లేని సత్రం, పొత్తిగుడ్డలు, పశువుల తొట్టి. అక్కడికి వచ్చి ఆగిపోయాను. వరస తప్పిపోయాననుకుని పాస్టరుగారు కింద నుంచి వేలితో చూపిస్తున్నారు. నాకు వరస కనిపిస్తూనే ఉంది. అందులో లేనామె కూడా కనిపించింది. సిస్టరమ్మ చెప్పినామే. సత్రంవాళ్ళ కోడలో, పక్కింటామో. ఇంటినిండా చుట్టాలతో ఆ రోజు ఆమెకి ఊపిరాడని పని ఉండి ఉంటుంది. పుట్టినవాడెవరో ఆమెకి తెలిసి ఉండదు.

ఆరిన బట్టలు తీసుకుపోదామని అటు వచ్చి ఉంటుంది.